సోమరి వేగం

మా ఆఫీసులో మొదటి మెమో అందుకున్నది వరండా గోడకు వేలాడే ఎర్ర సిలిండరు. మంటలార్పడానికి పెట్టినది. పెట్టిన నాటినుంచి అది ఒక్క మంటయినా ఆర్పినట్టు ఫైళ్ళలో ఎక్కడా లేదు. "ప్రభుత్వ ఆస్తి అయి ఉండియు, ఇంతకాలము ఏ విధమైన సేవయు అందించక గోడను ఆశ్రయించి యున్నందులకు మీపై ఏల చర్య తీసుకొనరాదో సంజాయిషీ సమర్పించవలెను" అని నేనే టైపు చేశాను. సూపరింటెండెంటు చిదంబరయ్యగారు సంతకం పెట్టి, సెల్లోటేపుతో దాని పొట్టకు అంటింపజేశారు. గడువులోగా సిలిండరు సంజాయిషీ ఇవ్వలేదు. దాంతో పెరట్లో ఎండుటాకులు పోగుచేయించి, నిప్పంటించి, పిన్ను లాగి దాన్ని మొత్తం ఖాళీ చేయించారు. ఖాళీ అయినదాన్ని తిరిగి గోడకే తగిలించారు. ఇప్పుడది విధి నిర్వహణ పూర్తిచేసిన ఆస్తి. దాని జోలికి ఎవరూ వెళ్ళరు.

మాది జిల్లా గోదాముల తనిఖీ కార్యాలయం. రైతులు దాచుకున్న మిరపకాయలు, శనగలు, పొగాకు బేళ్ళు తడవకుండా, ఎలుకలు కొట్టకుండా ఉన్నాయో లేదో చూసిరావడం మా పని. ఆ పని ఎలాగో సాగిపోతూ ఉండగా రాజధాని నుంచి 'జీరో ఐడిల్' అనే ఉత్తర్వు వచ్చింది. ఐడిల్‌గా ఉన్న సిబ్బంది, ఐడిల్‌గా ఉన్న నిధులు, ఐడిల్‌గా ఉన్న ఆస్తులు ఇకమీదట ఏ కార్యాలయంలోనూ కనపడకూడదని దాని సారాంశం. అది ఇంగ్లీషులో ఉంది. సరిగ్గా అదే సమయానికి పాలనా భాషా వారోత్సవాలు వచ్చిపడ్డాయి. ప్రతి కాగితమూ తెలుగులోకి మారాలి. చిదంబరయ్యగారి బల్ల మీద అట్ట ఊడిపోయిన పదకోశం ఒకటి ఉంది. అందులో ఐడిల్ అన్న మాటకు ఎదురుగా 'సోమరి' అని ఉంది. పక్కన కామా కూడా ఉంది గానీ, కామా తరవాత ఉండాల్సిన అర్థాన్ని చెదపురుగు తినేసింది. మా ఆఫీసులో మెమో అందుకోనిది ఆ చెదపురుగొక్కటే.

అలా మాది సోమరి రహిత కార్యాలయం అయింది. కరెంటు పోయినప్పుడు తప్ప పనిచేయని జనరేటరును కరెంటు ఉండగా కూడా నడిపారు. ఎవరూ కూర్చోని కుర్చీలలో సిబ్బంది వంతులవారీగా కూర్చున్నారు. ఎండాకాలం మూల నిలబడి ఉన్న గొడుగులను తెరిచి ఆరుబయట ఉంచారు. అవి దేన్ని ఆపుతున్నాయని ఒక గుమాస్తా అడిగితే, "ఆపడం వాటి బాధ్యత కాదు, సిద్ధంగా విచ్చుకుని ఉండడం వాటి బాధ్యత" అన్నారు చిదంబరయ్యగారు.

ఇక మిగిలింది కారు.

మా కారు తెల్లటి పెట్రోలు కారు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లు కొత్తగా వస్తున్న రోజుల్లో కొన్నది. దాన్ని కొన్నప్పటినుంచీ ఏసుపాదమే నడుపుతున్నాడు. ఆయన పర్మినెంటు కాదు. ఏటేటా పొడిగించే ఉత్తర్వులో "సదరు వాహనము వినియోగంలో ఉన్నంత వరకు మాత్రమే ఇతని సేవలు కొనసాగును" అన్న వాక్యం ఉంటుంది. అందుకని బండికి జలుబు చేసినా ముందు ఏసుపాదానికి జ్వరం వచ్చేది. "బండిని కండెమ్ చేశారంటే నన్ను గూడా పాతినుం కొట్టు కాడ తూకం ఏస్తారమ్మాయ్" అనేవాడు నాతో. నేను ఆయన్ని బాబాయ్ అని పిలిచేదాన్ని.

ఆ బండికి కొత్త జబ్బు చేసింది. నడుస్తున్నంతసేపు బాగానే ఉండేది. కాలు తీస్తే రెండుసార్లు వణికి ఆగిపోయేది. సిగ్నల్ దగ్గర ఆగేది. గేదె అడ్డం వచ్చినచోట ఆగేది. ఒకరోజు మా డిప్యూటీ డైరెక్టరు పరాంకుశంగారు ఫోనులో రాజధానితో "మా జిల్లా శరవేగంతో ముందుకు పోతోంది సార్" అంటూ ఉండగా ఆగింది. అప్పుడు మెకానిక్కును పిలిపించారు.

పొగాకు వేలం కేంద్రం పక్కన షెడ్డు ఉన్న బాజీ వచ్చి బానెట్ ఎత్తాడు. వచ్చేటప్పుడే అరటిపండు తింటూ వచ్చాడు, తొక్క ఎక్కడ వేయాలో తెలియక బ్యాటరీ మీద పెట్టాడు. డి.డి.గారు, చిదంబరయ్యగారు, ఏసుపాదం చుట్టూ నిలబడ్డారు. ఎస్టిమేటు టైపు చేయాలని నన్నూ రమ్మన్నారు.

"ఏం లేదు సార్. ఇంజనుకి గాలొచ్చే థ్రాటిల్ బాడీకి మసి పట్టింది. అది తుడుచుకోని, ఇంజను బాగా ఏడెక్కినాక, ఏసీ, లైట్లు, అన్నీ ఆపేసి, ఇదిగో ఈ చిన్న స్క్రూ ఎడం పక్కకి కాస్త తిప్పాల. ఐడలింగ్ పైకొచ్చుద్ది. నేను టీ తాగేలోపు అయిపోద్ది."

"ఏం పైకొస్తుందీ?" అన్నారు చిదంబరయ్యగారు.

"ఐడలింగ్ సార్. ఇప్పుడు నాలుగొందల యాభై కాడ కొట్టుకుంటంది. ఎనిమిదొందలకి పెంచితే నిలబడుద్ది."

చిదంబరయ్యగారు నేరుగా లోపలికి వెళ్ళి పదకోశం తెరిచారు. ఆ సాయంత్రం నేను టైపు చేసిన కాగితం ఇలా మొదలైంది: "విషయము: కార్యాలయ వాహనము – సోమరితనము పెంచుటకు అనుమతి కోరుట – గురించి. ప్రస్తుతము నిమిషమునకు నాలుగు వందల యాభై పర్యాయములు సోమరితనము చేయుచున్న సదరు వాహనమునకు, అట్టి సోమరితనమును ఎనిమిది వందల పర్యాయములకు పెంచవలసినదిగా మెకానిక్ సిఫారసు చేసియున్నాడు. తగు ఉత్తర్వుల నిమిత్తము సమర్పించడమైనది."

డి.డి.గారు దాన్ని రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మరోసారి చదివారు.

"చిదంబరయ్యగారూ, మనం జిల్లాలో సోమరితనం తగ్గిస్తున్నామా, పెంచుతున్నామా?"

"తగ్గిస్తున్నామండీ."

"మరి మీరు దాదాపు రెట్టింపు అడుగుతున్నారు."

"నేను కాదండీ. బండి."

"బండి అడిగినా మనిషి అడిగినా విధానం ఒకటే. ఆ డ్రైవర్ని పిలవండి."

ఏసుపాదం చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమయ్యా, బండి ఆగి ఉన్నప్పుడు ఇంజను తిరుగుతూ ఉంటుందా?"

"ఉండాల సార్."

"ఎక్కడికి వెళ్ళడానికి?"

"యాడికీ లేదు సార్. ఊరకనే. చచ్చిపోకుండా ఉండటానికి."

'ఊరకనే' అన్న మాట దగ్గర డి.డి.గారు చెయ్యెత్తారు. "ఊరకనే. విన్నారా చిదంబరయ్యగారూ? ప్రభుత్వ పెట్రోలు తాగుతూ, ఎక్కడికీ వెళ్ళకుండా, ఊరకనే తిరుగుతోంది. ఇన్నేళ్ళుగా మన కళ్ళ ముందే. మనుషుల్ని నిందిస్తున్నాం గానీ యంత్రాంగంలోనే ఉంది లోపం."

"అదట్టా కాదు సార్," అన్నాడు ఏసుపాదం. "మీరు సంతకాలు పెట్టనప్పుడు గూడా ఊపిరి తీస్తారు గదా. అట్టాంటిది."

"నా ఊపిరికి నిమిషానికి ఎనిమిది వందలు మంజూరు కాలేదయ్యా," అన్నారు డి.డి.గారు. ఫైలు మీద రాశారు: "పెంపు తిరస్కరించడమైనది. సోమరితనము దశలవారీగా సున్నాకు కుదించవలెను."

బాజీని మళ్ళీ పిలిపించారు. ఈసారి అతను జామకాయ తింటున్నాడు.

"సున్నా అంటే ఇంజను ఆగిపోద్ది గదా సార్," అన్నాడు.

"ఆగిపోయిన ఇంజను సోమరితనం చేస్తుందా?" అన్నారు డి.డి.గారు.

బాజీ జామకాయ నమలడం ఆపి ఆలోచించాడు. "చెయ్యదు సార్. ఆగిపోయినోడు ఇంకేం చేస్తాడు."

"మరింకేం?"

"ఎడం పక్కకి తిప్పినా కుడి పక్కకి తిప్పినా నాకు స్క్రూడ్రైవరు ఒకటే సార్. మీ బండి, మీ స్క్రూ."

ఏసుపాదం అతని భుజం పట్టుకుని పక్కకు లాగాడు. "ఒరే బాజీ, తిప్పినట్టు నటించరా. నీకు దణ్ణం పెడతా."

"నటిస్తే ఇంజను కాసేపైనా ఆడుద్ది బాబాయ్, ఆడితే మీ డి.డి. ఇంటాడు. నేను మళ్ళీ రావాల. మీ ఆఫీసుకి వచ్చినప్పుడల్లా నా తల ఒక చుట్టు తిరిగి పోతంది."

కుడి పక్కకు తిప్పాడు. దశలవారీగా అనుకున్నది మొదటి దశలోనే సున్నాకు చేరింది. గడువుకు ముందే నూటికి నూరు శాతం లక్ష్య సాధన అని రాజధానికి నివేదిక వెళ్ళింది. స్క్రూను మళ్ళీ ఎవరూ తిప్పకుండా చిదంబరయ్యగారు స్వయంగా కొవ్వొత్తి వెలిగించి, లక్క కరిగించి, దాని మీద ఆఫీసు ముద్ర వేశారు. ఎన్నికల పెట్టెకు వేసినంత శ్రద్ధగా వేశారు.

కాలు తీయగానే ఆగిపోయే బండిని ఏం చేయాలన్న ప్రశ్న మర్నాడు వచ్చింది. డి.డి.గారికి అది ప్రశ్నలాగా తోచలేదు. నిలబడి ఉన్న బండి ఎలాగూ సోమరి ఆస్తే. కాబట్టి ఆఫీసు వేళల్లో బండి నిలబడకూడదు. దీనికి 'నిరంతర చలన తనిఖీ విధానం' అని పేరు పెట్టారు. అందులో ఒక వాక్యం చివర్న చేర్చారు: "చలనమునకు అంతరాయము కలిగినచో అందుకు డ్రైవరే పూర్తి బాధ్యుడు, అట్టి సందర్భమున వాహనమును, డ్రైవరును ఉపసంహరించుటకు వెనుకాడబోము."

టైపు చేసి ఆ కాగితం ఏసుపాదానికి చదివి వినిపించింది నేనే. ఆయన చివరిదాకా విని, "వెనకాడబోము అంటే ఏందమ్మాయ్?" అన్నాడు. చెప్పాను. "ముందుకు మాత్రం బాగా ఆడతారు," అని పాదానికి గుడ్డ చుట్టుకోవడానికి వెళ్ళాడు. అప్పటికే ఆయన కుడి పాదంలో సగం బ్రేకు మీద, సగం యాక్సిలరేటరు మీద ఉంచి నడపడం నేర్చుకున్నాడు. మడమ ఒక పని చేస్తూ ఉంటే వేళ్ళు దానికి వ్యతిరేకమైన పని చేయాలి. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి చాలాకాలం పట్టే విద్య అది.

మొదటి ఇబ్బంది ఎక్కడంలో వచ్చింది. బండి ఆవరణ చుట్టూ నెమ్మదిగా తిరుగుతూ ఉంటే డి.డి.గారు వెంట పరిగెత్తి తలుపు పట్టుకోవాలి. పదవిలోకి ఎక్కినంత సులువుగా ఆయన బండిలోకి ఎక్కలేకపోయారు. అటెండరు వెనకనుంచి తోసేవాడు. ఒకరోజు చెప్పు కింద పడిపోయింది. దాన్ని పై రౌండులో అందించారు. సంతకాలు కిటికీలోంచి పెట్టేవారు. చిదంబరయ్యగారు అట్ట మీద కాగితం పెట్టి పట్టుకుని పక్కనే పరిగెత్తేవారు. ఆ రోజుల్లో డి.డి.గారి సంతకం పేజీ అంత పొడుగ్గా ఉండేది. ట్రెజరీవాళ్ళు ఇది ఎవరి సంతకమని అడిగితే, "వేగంగా ఉన్న అధికారిది" అని జవాబు రాశాం.

గోదాముల తనిఖీకి ఒకసారి నన్ను కూడా తీసుకెళ్ళారు, నోట్సు రాసుకోవడానికి. పొదిలి వైపు ఒక శనగల గోదాము. బండి గోదాము చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. గోదాము ముందు వేపచెట్టు నీడలో ఓబులయ్య అనే రైతు మంచం వేసుకుని కూర్చుని ఉన్నాడు. బండి మొదటిసారి ఆయన ముందుకు వచ్చినప్పుడు లేచి దణ్ణం పెట్టాడు.

"సార్, మా గోదాములో వాన కారతంది," అన్నాడు.

"ఎక్కడ?" అన్నారు డి.డి.గారు. అప్పటికి బండి మలుపు తిరిగింది. పై రౌండుకు వచ్చేసరికి ఓబులయ్య సిద్ధంగా ఉన్నాడు.

"తూర్పు మూల సార్, రేకు లేచిపోయింది."

"ఎప్పటినుంచి?"

మళ్ళీ మలుపు. నేను రాసుకున్నాను. మళ్ళీ వచ్చాం.

"పోయిన తుఫానప్పటినుంచి సార్. మూటలు మొలకలొచ్చినయ్."

"వాటిని వేరు చేశారా?"

మలుపు. ఈసారి ఓబులయ్య మంచం మీద పడుకుని ఉన్నాడు. ఒక చెయ్యి మాత్రం ఎత్తాడు.

"చేశాం సార్. కొత్త రేకు ఎప్పుడేస్తారు?"

"నిబంధనల ప్రకారం..." అన్నారు డి.డి.గారు. మిగతాది పై రౌండులో చెప్పాల్సింది. కానీ పై రౌండుకు ఓబులయ్య కునుకు తీస్తున్నాడు. డి.డి.గారు నా వైపు తిరిగి, "ఫిర్యాదుదారు సంతృప్తి చెందినట్టు రాయమ్మా" అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు డి.డి.గారు నిద్రపోయాక ఏసుపాదం అద్దంలోంచి నా వైపు చూశాడు. "మంచినీళ్ళు తాగటం మానేశానమ్మాయ్. తాగితే దిగాల. దిగితే బండి ఆగుద్ది. బండి ఆగితే ఆ కాగితంలో రాసింది జరుగుద్ది."

"బాజీతో చెప్పి చాటుగా స్క్రూ తిప్పించకూడదా బాబాయ్?"

"అడిగా. 'లక్క ముద్ర ఉంది గదా బాబాయ్, అది తీస్తే నన్ను జైల్లో ఏస్తారు' అన్నాడు. ఆడికి ఇంజను అంటే భయం లేదు గానీ ముద్ర అంటే భయం."

ఇంతలో కమిషనరుగారు వస్తున్నారని తెలిసింది. లక్ష్య సాధన నివేదిక చూసి, కళ్ళారా చూద్దామని స్వయంగా బయల్దేరారట. శ్రీమతి వసుంధర. ఆవిడ ఏ జిల్లాకు వెళ్ళినా ఎవరో ఒకరు సస్పెండవుతారని పేరు. ఆవరణ అంతా ఊడ్చారు. విచ్చుకుని ఉన్న గొడుగులకు సున్నం కొట్టిన రాళ్ళతో అంచు కట్టారు. కమిషనరుగారి కారు ముందు మా బండి దారి చూపిస్తూ నడవాలని నిర్ణయించారు. డి.డి.గారు, చిదంబరయ్యగారు అందులో ఎక్కారు. నన్ను ఫైళ్ళతో ముందు సీటులో కూర్చోబెట్టారు.

"ఏమయ్యా ఏసుపాదం," అన్నారు చిదంబరయ్యగారు వెనకనుంచి, "ఈ పూట ఒక్కచోట ఆగిందంటే నీ తొలగింపు ఉత్తర్వు నా జేబులోనే ఉంది. తారీకు ఒక్కటే వేయాలి."

"ఆగదు సార్," అన్నాడు ఏసుపాదం. ఆయన పాదం అప్పటికే వాచి, చెప్పులో పట్టడం లేదు. వట్టికాలితోనే నడుపుతున్నాడు.

పాత బస్టాండు సెంటరులో ట్రాఫిక్ కానిస్టేబులు చెయ్యెత్తాడు. ఎదురుగా బడిపిల్లలు వరసగా రోడ్డు దాటుతున్నారు. చివర్న ఒక చిన్నది సంచి జారిపోతే రోడ్డు మధ్యలో కూర్చుని పుస్తకాలు ఏరుకుంటోంది. ఏసుపాదం కాలంతా బ్రేకు మీద వేశాడు. బండి రెండుసార్లు వణికింది. ఆగిపోయింది. తాళం తిప్పితే మూలిగింది గానీ లేవలేదు. వెనక కమిషనరుగారి కారు ఆగింది. దాని వెనక జిల్లా అంతా ఆగింది.

కమిషనరుగారు దిగి వచ్చారు. డి.డి.గారు ఒక తలుపులోంచి, చిదంబరయ్యగారు ఇంకో తలుపులోంచి బయటపడ్డారు.

"డ్రైవరు నిర్లక్ష్యం మేడమ్," అన్నారు డి.డి.గారు. "ఇప్పుడే, ఇక్కడే తొలగిస్తున్నాం. చిదంబరయ్యగారూ, తారీకు వేయండి."

చిదంబరయ్యగారు బానెట్ ఎత్తారు. ఎత్తి, వెనక్కి గెంతారు. "సీలు లేదండీ. ప్రభుత్వ ముద్ర తొలగించాడండీ."

"నేను తియ్యలేదు సార్," అన్నాడు ఏసుపాదం. "ఇంజను ఏడికి కరిగింది. కారింది చూడండి, ఈ గొట్టం మీద ఎర్రగా. లక్క గదా సార్, ఇంజనుకి మీ ముద్రని తెలవదు."

కమిషనరుగారు ఇద్దరినీ ఆగమన్నట్టు వేలెత్తి, ఏసుపాదాన్ని అడిగారు. "ఇంజను ఎందుకు ఆగింది?"

"బండి ఆగింది మేడమ్. అందుకని ఆగింది."

"బండి ఆగితే ఇంజను ఆగుతుందా?"

"ఆగుద్ది మేడమ్."

"ప్రతిసారీ?"

"ప్రతిసారీ మేడమ్. ఎంత బతిమాలినా."

"పొరపాటున కూడా ఊరికే తిరగదా?"

ఏసుపాదం తల దించుకున్నాడు. "ఊరకనే తిరగదు మేడమ్. ఆ భాగ్యం మాకు లేదు."

కమిషనరుగారు వంగి ఇంజను వైపు చూశారు. నేను కిటికీలోంచి తల బయటపెట్టి ఆవిడ ముఖం చూస్తూనే ఉన్నాను. కోపం ఎక్కడ మొదలవుతుందా అని చూస్తూ ఉంటే అక్కడ మెల్లగా భక్తి మొదలైంది.

"పరాంకుశంగారూ," అన్నారు. "రాష్ట్రమంతా తిరిగాను. అన్ని జిల్లాలూ నాకు గ్రాఫులు చూపించాయి. ఐడిల్ లేని ఇంజనును చూపించినది మీరొక్కరే. ఇది ఎలా సాధించారు?"

డి.డి.గారి చెయ్యి అప్పటికింకా ఏసుపాదం వైపే చూపిస్తూ గాలిలో ఉంది. దాన్ని అలాగే వంచి ఆయన భుజం మీద వేశారు. "అంతా సమష్టి కృషి మేడమ్. ఇతనికి ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చాం." చిదంబరయ్యగారు జేబులోని కాగితాన్ని ఇంకా లోపలికి తోసుకున్నారు.

ఉత్తర్వులు తొందరగానే వచ్చాయి. మా కారు రాష్ట్రస్థాయి ఆదర్శ వాహనం అయింది. ఇతర జిల్లాల అధికారులు వచ్చి అధ్యయనం చేయడానికి వీలుగా దాన్ని యథాతథ స్థితిలో పరిరక్షించాలన్నారు. నడిపితే లోపలెక్కడో కాస్త సోమరితనం తిరిగి పుట్టే ప్రమాదం ఉంది గనుక ఇకమీదట నడపరాదన్నారు. ఆవరణలో పోర్టికోకు దారి మొదలయ్యే చోట, అందరికీ కనపడేలా, ఇటుకలు పేర్చి నాలుగు చక్రాలూ నేలకు ఆనకుండా నిలబెట్టారు. డి.డి.గారికి కొత్త కారు మంజూరైంది, డ్రైవరుతో సహా.

ఏసుపాదం నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. "నా సంగతి ఏంది అమ్మాయ్?"

ఆ సంగతి మీద చిదంబరయ్యగారు రెండు పూటలు ఆలోచించారు. వాహనం వినియోగంలో ఉన్నంత వరకు అని ఉత్తర్వులో ఉంది. ఆదర్శంగా నిలబడడం వినియోగమే. కాబట్టి ఏసుపాదం ఉండాలి. కానీ నిలబడి ఉన్న బండిలో కూర్చున్న డ్రైవరు సోమరి. కాబట్టి ఏసుపాదం ఉండకూడదు. ఈ రెండిటికీ మధ్య ఆయన కనుక్కున్న దారి ఏమిటంటే, బండి ఆగి ఉన్నా డ్రైవరు నడుపుతూనే ఉండాలి.

అప్పటినుంచి ఉదయం పదికి ఏసుపాదం బండిలో ఎక్కేవాడు. చిదంబరయ్యగారు కిటికీ దగ్గరకు వచ్చి ఆ రోజు ప్రయాణం చెప్పేవారు. ఒకరోజు కనిగిరి, ఒకరోజు మార్కాపురం. ఏసుపాదం క్లచ్ తొక్కి, గేరు వేసి, స్టీరింగు తిప్పుతూ వెళ్ళేవాడు. అద్దాలు చూసుకునేవాడు. మలుపుల దగ్గర ఇండికేటరు వేసేవాడు. సాయంత్రం అయిదింటికి తిరిగి వచ్చి, అదే ఆవరణలో దిగేవాడు. మధ్యాహ్నం భోజనం కూడా ఒక చేత్తో నడుపుతూనే. మొదట్లో మాకు నవ్వొచ్చేది. కొద్దిరోజులకు అలవాటైపోయి, "ఏసుపాదం క్యాంపులో ఉన్నాడు" అనుకునేవాళ్ళం.

చిదంబరయ్యగారు తన కిటికీలోంచి స్టీరింగు మీద కన్నేసి ఉంచేవారు. ఒకసారి బయటికి వచ్చి, "చీమకుర్తి దాటావు కదా, అక్కడ మలుపు తిప్పలేదేం?" అన్నారు. ఇంకోసారి చేతులు ఒడిలో పెట్టుకుని కనిపించాడని మెమో ఇచ్చారు. మళ్ళీ ఒక్కసారి చేతులు ఆగాయంటే ఆదర్శ వాహనానికి కొత్త డ్రైవరును వేస్తామని దాని ఆఖరి వాక్యం.

"యాడికీ పోకుండా ఇంత నొప్పులు ఎట్టా వస్తయ్యమ్మాయ్?" అన్నాడు ఏసుపాదం, మెమో నా చేత చదివించుకుని. ఆయన భుజాలు రెండూ లాగేసినట్టు వంగిపోయాయి. "నిజంగా మార్కాపురం పోయినా మధ్యలో దిగి కాళ్ళు చాపుకునేవాణ్ణి. ఇప్పుడు యాడ దిగేది? దిగితే ఆఫీసే గదా."

"మానేసి ఏదైనా ఆటో నడుపుకోకూడదా బాబాయ్?"

"ఈ వయసులో నాకు ఆటో ఎవురిస్తారు? నాకొచ్చిన పని ఇదొక్కటే. దాన్ని ఇట్టా అయినా చెయ్యనియ్యి."

ఆ తరవాత వారం కమిషనరుగారి తాజా మార్గదర్శకాలు వచ్చాయి. నేను టైపు చేసి ఆఫీసులో అందరికీ ఒక ప్రతి ఇచ్చాను. ఏసుపాదానికి కిటికీ దగ్గర నిలబడి, ఆయన దర్శి వైపు వెళుతూ ఉండగా, చదివి వినిపించాను. ఒక పేరా దగ్గర ఆయన ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. "సరే పో అమ్మాయ్, ఎండగా ఉంది," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం స్టీరింగు ఆగింది.

ముందు చిదంబరయ్యగారు చూశారు. ఆయన లేవడం చూసి మేమంతా చూశాం. ఏసుపాదం చేతులు ఒడిలో ఉన్నాయి. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి, ముందుకు చూస్తున్నాయి. చిదంబరయ్యగారు సంతకం చేసి సిద్ధంగా ఉంచుకున్న ఉత్తర్వు తీసుకుని వేగంగా మెట్లు దిగారు. నేను సంతకానికి తెచ్చిన ఫైళ్ళతో వెనకే వెళ్ళాను.

"ఏమయ్యా, ఆగావేం?"

"గేటు పడింది సార్," అన్నాడు ఏసుపాదం.

"ఏ గేటు?"

"రైలు గేటు సార్. దొనకొండ దార్లో."

చిదంబరయ్యగారు బండికి ముందు వైపు చూశారు. అక్కడ ఖాళీ ఆవరణ, దాని అవతల కాంపౌండు గోడ, గోడ మీద ఒక కాకి ఉన్నాయి. ఆయన ఉత్తర్వు మీద తారీకు వేయడానికి పెన్ను తీశారు. తీసి, ఆగారు. నిన్నటి మార్గదర్శకాలలో నేను టైపు చేసిన పేరా ఆయనకు గుర్తొచ్చిందని నాకు తెలిసింది. "రైల్వే గేట్ల వద్ద విధిగా ఇంజను ఆపివేసి వేచి యుండవలెను. అట్టి నిరీక్షణ ఆదర్శప్రాయము, సోమరితనముగా పరిగణింపబడదు. వేచియున్న డ్రైవరును తొందరపెట్టుట శిక్షార్హము."

పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు.

"ఎంతసేపు పడుతుంది?" అన్నారు, గొంతు తగ్గించి.

"గూడ్సు సార్. బొగ్గు బండి. తోక ఇంకా కనపళ్ళా."

చిదంబరయ్యగారు బండి వెనక నిలబడ్డారు. గేటు పడినప్పుడు పక్కనుంచి దూరిపోవడం ఆయన స్వభావానికి విరుద్ధం. నేను ఆయన వెనక నిలబడ్డాను. టీ గ్లాసులతో వస్తున్న అటెండరు మమ్మల్ని చూసి, ఏమిటని కళ్ళతోనే అడిగి, నా వెనక నిలబడ్డాడు. ఇద్దరు గుమాస్తాలు వచ్చి చేరారు. ఒకాయన వేరుశనక్కాయలు తీశాడు. అందరం తలా కాసిని తీసుకున్నాం. ఇంతకాలానికి ఆఫీసులో ఏ పనీ చేయకుండా నిలబడి ఉండడం అదే మొదటిసారి.

డి.డి.గారి కొత్త కారు వచ్చి మా వెనక ఆగింది. అద్దం దిగింది.

"ఏమిటిది?"

"గేటు పడిందండీ," అన్నారు చిదంబరయ్యగారు, ముందుకే చూస్తూ.

డి.డి.గారు తల బయటపెట్టి అటు చూశారు. గోడ మీది కాకి ఎగిరిపోయింది. ఆయన వాచీ చూసుకున్నారు.

"ఎక్స్‌ప్రెస్సా?"

"గూడ్సండీ."

డి.డి.గారు నిట్టూర్చి అద్దం పైకెత్తుకున్నారు. కొత్త కారు ఇంజను సన్నగా, హాయిగా, ఊరకనే తిరుగుతూ ఉంది.

ఆదర్శ వాహనంలో ఏసుపాదం సీటు వెనక్కి వాల్చాడు. వాచిన పాదాన్ని పెడళ్ళ మీంచి తీసి, డాష్‌బోర్డు మీద చాపుకుని, కళ్ళు మూసుకున్నాడు.

ఎవరూ హారన్ కొట్టలేదు.